కరక్కాయతో టీబీ మందు కనిపెడతానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీఎస్సీ బీజెడ్‌సీ ఫైనలియర్. కాలేజీ ప్రాజెక్టులో కరక్కాయ టానిన్లు బ్యాక్టీరియాను చంపాయట. పీహెచ్‌డీ దాకా చదివి మొక్కల నుంచి టీబీ మందు తీస్తానంటోంది. మా నాన్నగారు రెండు నెలలుగా టీబీ మాత్రలు వాడుతున్నారు. దగ్గు తగ్గింది, మనవరాలి మాట విని మాత్రలు మానేసి కరక్కాయ కషాయం తాగుతానంటున్నారు. ఈ చదువుకు భవిష్యత్తు ఉందా? బీఈడీ చేయించమంటారా?

జవాబు: ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం. చదువు గురించి నాలుగు రోజులు ఆగి మాట్లాడుకున్నా నష్టం లేదు, ఇది మాత్రం ఆగేది కాదు. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. దగ్గు తగ్గిందంటే మందు పనిచేస్తోందని అర్థం, క్రిములన్నీ పోయాయని కాదు. ఇప్పుడు మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు, క్రిములు మందులకు లొంగకుండా పోవచ్చు కూడా. మాత్రలతో పాటు కషాయం తాగడం కూడా డాక్టరుకు చెప్పకుండా వద్దు. ఆ మాత్రల భారం ఇప్పటికే లివర్ మీద ఉంటుంది. అన్నట్టు, టీబీ రోగుల పోషకాహారానికి కేంద్రం ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు ఆయన ఖాతాలో పడాలి. పడుతున్నాయో లేదో చూసుకోండి.

ఇక అమ్మాయి. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే నాలుక బిరుసెక్కుతుంది కదా, ఆ వగరు టానిన్‌దే. లాలాజలంలోని ప్రోటీన్లను అది పట్టేసుకుంటుంది. తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేసేదీ ఈ గుణం వల్లే. అంటే ఏ ప్రోటీన్ ఎదురైతే దానికి అతుక్కుపోవడం టానిన్ అలవాటు. పరిశోధనలో పెద్ద తలనొప్పి ఇదే. క్రిములను పెంచే గాజు ప్లేటు మీద రసం పోసిన చోట చుట్టూ క్రిములు పెరగకుండా ఖాళీ వలయం కనబడితే, అది నిజంగా మందు గుణమా, వట్టి అతుక్కునే గుణమా అన్నది అక్కడికక్కడ తేలదు. అందుకే రసాన్ని పాలిఅమైడ్ కాలమ్ (టానిన్లను పట్టేసుకునే పొడి నింపిన గొట్టం) గుండా పంపి, టానిన్లు తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ పరీక్షిస్తారు. వలయం మాయమైతే దానికి కారణం టానినే అన్నమాట. అలాంటప్పుడు చాలామంది ఆ మొక్కను పక్కన పెట్టేస్తారు.

మీ అమ్మాయి ప్రాజెక్టు చేసింది బహుశా ఈ.కోలై లాంటి క్రిమి మీద అయి ఉంటుంది. అది 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, సాయంత్రం ప్లేటు పెడితే పొద్దున్నకి ఫలితం. టీబీ క్రిమి రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కంటికి కనిపించేంత పెరగాలంటే మూడు నుంచి ఆరు వారాలు. మామూలు కాలేజీ ల్యాబులో దాన్ని పెంచనివ్వరు, బీఎస్‌ఎల్-3 అనే కట్టుదిట్టమైన ల్యాబు కావాలి. పైగా దాని గోడకు మైనం లాంటి పూత ఉంటుంది, కాపురమేమో ఊపిరితిత్తుల్లోని రక్షణ కణాల లోపల. ఇటు టానిన్ పెద్ద అణువు. తాగినది చాలావరకు అలాగే రక్తంలోకి ఎక్కదు, పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని ముక్కలు చేసేస్తాయి. టీబీ క్రిమిని టానిన్లు గాజు పాత్రలో ఆపిన ఫలితాలు ఉన్నాయి. డాక్టరు చీటీ దాకా వచ్చిన టానిన్ మందు మాత్రం లేదు.

అలాగని ప్రకృతిలో వెతకడమే దండగని కాదు. 1943లో దొరికిన స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చిందే, రిఫాంపిసిన్ మూలమూ అలాంటిదే. మొక్కల వైపు నుంచి మన దేశంలో వచ్చిన మంచి ఉదాహరణ రిసోరిన్ అనే టీబీ మందు. జమ్మూలోని ఐఐఐఎం అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ మిరియాల్లోని పైపరిన్‌ను జతచేసి, రిఫాంపిసిన్ మోతాదును 450 నుంచి 200 మిల్లీగ్రాములకు దించింది. 2009లో మార్కెట్లోకి వచ్చింది. ఇందులో పైపరిన్ పని క్రిమిని చంపడం కాదు, మందు ఒంటికి బాగా పట్టేలా చూడడం. (దీన్ని చదివి ఇంట్లో మిరియాల కషాయం మొదలుపెట్టకండి.)

కాబట్టి కోర్సు ఎంచుకునేటప్పుడు టానిన్‌ను చూడొద్దు, ఆమె చేతికి ఏ పని వస్తుందో చూడండి. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి మైక్రోబయాలజీ తీసుకోవచ్చు, ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకోవచ్చు. నా మొగ్గు కెమిస్ట్రీ వైపే. రసంలోంచి ఒక్క పదార్థాన్ని వేరు చేసి, అదేమిటో హెచ్‌పీఎల్‌సీ, ఎన్‌ఎంఆర్ అనే పరికరాలతో తేల్చడం వచ్చినవాళ్ళకు, రీసెర్చ్ కుదరకపోయినా హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో పని దొరుకుతుంది. అయితే ఆమెకు కాలమ్ కంటే ప్లేటే ముద్దయితే బలవంతం చేయకండి. ఐదేళ్ళ పీహెచ్‌డీ ఇష్టం లేని సబ్జెక్టులో నడవదు.

ఎమ్మెస్సీలో ఉండగానే సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాయమనండి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. మీ జేబులోంచి పెట్టాల్సిన పని పెద్దగా ఉండదు. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోనే ఐఐసీటీ (కెమిస్ట్రీ పరిశోధన సంస్థ), సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. టీబీ మీదే పనిచేయాలంటే చెన్నైలోని ఎన్‌ఐఆర్‌టీ, ఆగ్రాలోని జాల్మా అనే పరిశోధన సంస్థలు చూడొచ్చు. జేఆర్‌ఎఫ్ రాకపోతే ఉద్యోగం చేస్తూ ఇంకోసారి రాయొచ్చు. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు, ఇప్పుడే తొందరపెట్టి ఆమెకు టెన్షన్ పెట్టకండి.

ఇంట్లో ఆమెను ఒక్క మాట అడగండి: "టానిన్ తీసేశాక వలయం ఎంత వచ్చింది?" చేయలేదంటే సోమవారం వాళ్ళ సార్‌ను అడిగి చేయమనండి, ప్రాజెక్టు రిపోర్టులో ఆ ఒక్క పేజీ ఉంటే ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు. ఇక కరక్కాయ కషాయం ఎందుకు పనికిరాదో తాతగారికి ఆమె చేతే చెప్పించండి. మనవరాలి మాటే వింటానంటున్నారు కదా.