వైస్ కొన్న మేనల్లుడికి

ఉదయగిరి

ఒరే అబ్బయ్యా,

ఒంగోల్లో పాత ఇనుము అంగట్లో ఫిట్టర్లు ఇనుప ముక్కల్ని దవడల మధ్య బిగించి పట్టే బెంచి వైస్ కొన్నావంట, దాన్ని చెక్కపనికి మార్చుకుంటావంట. అమ్మ ఫోన్లో చెప్పింది. డిగ్రీ చదివినోడు ఉలి పడతానంటే మేనమామకి ఛాతీ ఉబ్బదా? ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

దవడలకున్న గరుకు పలకలు ఇనుమును పట్టుకోవడానికి పెట్టినవి. మెత్తని చెక్కను కొరికి గాట్లు పెడతాయి. చాలా వైస్‌లకు ఒక్కో పలకకు రెండు స్క్రూలుంటాయి, విప్పితే ఊడొస్తుంది. తుప్పు పట్టి కదలకపోతే కిరోసిన్ పోసి తెల్లారేదాకా వదిలెయ్. సుత్తితో బాదావో, అది పోత ఇనుము, వంగదు, పగులుతుంది. పగిలాక వెల్డింగు పెట్టించినా దాన్ని నమ్మడానికి లేదు.

ఆ పాత బెజ్జాలకే కొయ్య పలకలు బిగించు. కొత్త బెజ్జాలు వద్దు. టేకో, చేవదేరిన వేపో, 20 నుంచి 25 మిల్లీమీటర్ల మందం చాలు. ఎత్తు మాత్రం ఇనుప దవడ కంటే కాస్త ఎక్కువుండాలి. పాత స్క్రూ ఒకటి జేబులో వేసుకుని హార్డ్‌వేర్ షాపుకి పో, అదే మరతో పొడుగువి ఇస్తారు. స్క్రూ తల చెక్కలోకి బాగా దిగాలి. పైకి తేలిందంటే చిత్రిక బ్లేడు నోరు పోతుంది. పలకల లోపలి ముఖానికి పాత బెల్టు తోలు అంటించు, గరుకు వైపు బయటికి. నున్నగా ఉంటే బాగుంటుందని వార్నిష్ కొట్టేవు, జారిపోతుంది.

ఇంకో సంగతి. ఏమీ పెట్టకుండా దవడలు దగ్గరికి తెచ్చి చూడు. పై అంచులు ముందు ఆనాలి, కింద పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి. బిగించేటప్పుడు దవడలు పైన కాస్త విచ్చుకుంటాయి, అప్పుడు ముఖం మొత్తం ఆనుతుంది. సందు రాకపోతే పలక వెనక పై వైపున అట్టముక్క పెట్టు.

ఇప్పుడు అసలు మాట. మీ నాన్న ఎడమ బొటనవేలు సరిగ్గా వంగదు కదా, సైకిల్ చైన్లో పడిందని నీకు చెప్పుంటారు. చైనూ లేదు గియినూ లేదు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నీకు ఉయ్యాల చేస్తానని బావ నా షెడ్డులో కూర్చున్నాడు. పట్టెను నిలువుగా పెట్టి చివర గాడి తొలవాలి. నడిమధ్య వైస్ మర అడ్డం, అందుకని పట్టెను దవడల ఒక పక్కకి పెట్టాడు. అట్టా పెడితే రెండో పక్క ఖాళీ కదా, దవడ అటు వాలిపోతుంది, పట్టె ఒక్క అంచు మీదే నిలబడుతుంది. కదులుతోందని హ్యాండిల్‌కి గొట్టం తొడిగి తిప్పాడు. మనిషి బలం చూపించాడు గానీ, పట్టు పెరగలేదు. ఎడమ చేత్తో పట్టెను ముందునుంచి ఆపి కుడి చేత్తో ఉలి తోశాడు. పట్టె గిర్రున తిరిగింది, ఉలి వేలి మొదట్లో దిగింది. నరం తెగింది. తువ్వాలు చుట్టి నెల్లూరు తీసుకుపోయేదాకా మనిషి నోరు విప్పలేదు. జీపులో ఒక్కటే అడిగాడు, పట్టె పాడైందా అని.

ఆ రెండో పక్క అదే మందం చెక్కముక్క ఒకటి పెట్టి ఉంటే చాలు, దవడలు సమానంగా నిలిచేవి. చేతి బలం అక్కర్లేదు. నీ వైస్ పక్కన తలా ఒక మందంలో నాలుగైదు ముక్కలు తాడుకు గుచ్చి వేలాడదీయి. గొట్టం మాత్రం షెడ్డులోకి రానీకు. ఉలి పదును ముందు చెయ్యి పెట్టావని తెలిస్తే, ఈ వయసులో కూడా బస్సెక్కి వచ్చి చెవి మెలేస్తా.

గుండ్రటి కర్రలకి విడిగా ఒక జత పలకలు చేసి, మధ్యలో నిలువునా వి ఆకారంలో గాడి తియ్యి. మా ఊళ్ళో చేసే కొయ్య చెంచాల కాడలు పట్టాలంటే ఆ గాడి కావాల్సిందే. వైస్‌ను బల్ల కాలు పైనే బోల్టులేసి బిగించు, నడిమికి పెడితే బల్ల ఊగుతుంది.

దవడ వెడల్పు, బెజ్జానికీ బెజ్జానికీ దూరం కొలిచి వాట్సాప్‌లో పెట్టు. బాగా ఆరిన వేప చేవ నా దగ్గరుంది, పలకలు కోసి ఆర్టీసీ కార్గోలో పంపుతా. బావకి ఈ ఉత్తరం చూపించకు, సైకిల్ చైన్ కథ ఆయనకి ఇష్టం.

మీ మామయ్య