ఆర్క్‌క్యాటలాగ్ పోయింది... నేర్చుకున్నది వృథానా?

ప్రశ్న: జియోఇన్ఫర్మాటిక్స్‌లో పీజీ చేస్తున్నాను. మొదటి ఏడాది ప్రాక్టికల్స్ అన్నీ మ్యాపులు గీసే ఆర్క్‌మ్యాప్, మ్యాపుల డేటాను చూసి సర్దుకునే ఆర్క్‌క్యాటలాగ్ అనే సాఫ్ట్‌వేర్‌ల మీదే చేశాం. ఇప్పుడు ల్యాబ్‌లో వాటిని తీసేసి ఆర్క్‌జీఐఎస్ ప్రో పెట్టారు. డేటా తెరిచి చూసుకోవడానికి నాకు బాగా అలవాటైంది ఆర్క్‌క్యాటలాగే. ప్రోలో అది విడిగా లేదు, పక్కనుండే చిన్న ప్యానెల్‌తో పని సాగడం లేదు. నేర్చుకున్నది వృథా అయినట్టేనా? క్యూజీఐఎస్ అనే మరో మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారిపోవాలా? ఇంటర్వ్యూల్లో దీని గురించి ఏం అడుగుతారు?

సమాధానం: వృథా కాలేదు. అయితే పాత సాఫ్ట్‌వేర్ తిరిగొస్తుందని మాత్రం ఎదురుచూడకండి. ఆర్క్‌మ్యాప్‌లో 10.8.2 ఆఖరి వెర్షన్. 2026 మార్చి 1ని దానికి ఆఖరి గడువుగా దాన్ని తయారుచేసిన ఎస్రి సంస్థ ప్రకటించింది, ఆర్క్‌క్యాటలాగ్‌దీ అదే దారి. మీకు అందులో అబ్బింది ఏ బటన్ ఎక్కడుందన్నది కాదు. మ్యాప్‌లోకి లాగేముందు డేటాను తెరిచి, దాని నిర్దేశాంక వ్యవస్థ (స్థానాలను అంకెల్లో చెప్పే పద్ధతి) ఏమిటో, పట్టికలో ఏముందో, ఎన్ని రికార్డులున్నాయో చూసుకునే అలవాటు అబ్బింది. ఉద్యోగంలో విలువ దానికే.

ముందు మీ ఇబ్బంది సంగతి చూద్దాం. ప్రోలో క్యాటలాగ్ రెండు రూపాల్లో ఉంటుంది. మీరు చూస్తున్నది 'క్యాటలాగ్ పేన్', అంటే పక్కన అతుక్కుని ఉండే సన్నటి పట్టీ. 'వ్యూ' ట్యాబ్‌లో 'క్యాటలాగ్ వ్యూ' అని మరొకటి ఉంది. దాన్ని నొక్కితే మ్యాప్ స్థానంలో పూర్తి కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఒక ఫీచర్ క్లాస్‌ను (ఒకే రకం బిందువులు, రేఖలు లేదా ప్రాంతాలుండే పొరను) ఎంచుకుంటే కుడివైపు డీటెయిల్స్ ప్యానెల్‌లో మెటాడేటా (డేటా గురించిన వివరాలు), జాగ్రఫీ, టేబుల్ కనిపిస్తాయి. ఆర్క్‌క్యాటలాగ్‌లో మీరు వాడిన ప్రివ్యూ, డిస్క్రిప్షన్ ట్యాబ్‌ల పని ఇక్కడ జరుగుతుంది. ప్యానెల్ కనిపించకపోతే పైన రిబ్బన్‌లో ఆన్ చేసుకోండి. కేవలం డేటా సర్దుకునే రోజున ప్రో తెరవగానే 'మ్యాప్' బదులు 'క్యాటలాగ్' టెంప్లేట్ ఎంచుకుంటే మ్యాప్ లేకుండానే పని మొదలవుతుంది.

అసలు చిక్కు ఫోల్డర్ కనెక్షన్లతో వస్తుంది. ఆర్క్‌క్యాటలాగ్‌లో ఒకసారి కలిపిన ఫోల్డర్ ఎప్పుడు తెరిచినా అక్కడే ఉండేది. ప్రోలో అది ఆ ప్రాజెక్టుకే పరిమితం, కొత్త ప్రాజెక్టు తెరిస్తే కనిపించదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'యాడ్ టు న్యూ ప్రాజెక్ట్స్' ఎంచుకుంటే ఇకపై ప్రతి కొత్త ప్రాజెక్టులోనూ దానంతటదే వస్తుంది, ఫేవరెట్స్‌లోనూ చేరుతుంది. ఇంకో సంగతి. ప్రో ప్రతి కొత్త ప్రాజెక్టుకూ ఒక ఫైల్ జియోడేటాబేస్ (పొరలు, పట్టికలు కలిపి దాచే చోటు), ఒక టూల్‌బాక్స్ సృష్టిస్తుంది. నెల తిరిగేసరికి ఇరవై జియోడేటాబేస్‌లు పోగై, ఏ ఫలితం ఎందులో పడిందో తెలియదు. ఆప్షన్స్‌లోని 'జనరల్' పేజీలో డిఫాల్ట్ జియోడేటాబేస్‌ను ముందే ఒకచోట స్థిరపరచండి.

ఇది అలవాటు కావడానికి రెండు మూడు వారాలు, రోజుకో గంట చాలు. ఆ గంటలో కొత్త మ్యాపులు గీయకండి, పాత డేటానే క్యాటలాగ్ వ్యూలో తెరిచి తనిఖీ చేయండి.

ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్‌లోనైనా ఆర్క్‌మ్యాప్ మిగిలి ఉంటే వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. ఎండీబీ ఫైళ్లుగా ఉండే పర్సనల్ జియోడేటాబేస్‌లను ప్రో తెరవదు. మీ మొదటి ఏడాది ప్రాజెక్టు అలాంటి ఫైల్లో ఉంటే, ఆర్క్‌క్యాటలాగ్‌లో ఖాళీ ఫైల్ జియోడేటాబేస్ సృష్టించి ఫీచర్ డేటాసెట్లను (ఫీచర్ క్లాసుల గుంపులను) అందులోకి కాపీ, పేస్ట్ చేయండి. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో కాదు, ఆర్క్‌క్యాటలాగ్‌లోనే చేయాలి. అప్పుడే డొమైన్లు (కాలమ్‌లో అనుమతించే విలువలు), సబ్‌టైపులు (పొరలోని ఉపరకాలు), రిలేషన్‌షిప్ క్లాసులు (పట్టికల మధ్య సంబంధాలు) వెంట వస్తాయి. మొత్తం ఒకేసారి తరలించాలంటే ఎక్స్‌ఎంఎల్ వర్క్‌స్పేస్ డాక్యుమెంట్‌గా ఎగుమతి చేసి కొత్తదానిలోకి దిగుమతి చేసుకోవచ్చు. ఆర్క్‌మ్యాప్ ఎక్కడా దొరకకపోతే విండోస్‌లో యాక్సెస్ డ్రైవర్ సాయంతో క్యూజీఐఎస్ ఎండీబీని చదవగలదు. ఫీచర్లు, పట్టికలు వస్తాయి కానీ టోపాలజీ నియమాలు (ఆకారాలు ఒకదానితో ఒకటి ఎలా కలవాలన్న షరతులు) రావు. ఆర్క్‌మ్యాప్‌లో దాచిన ఎంఎక్స్‌డీ మ్యాపులతో ఇంత తంటా లేదు, ప్రోలో 'ఇంపోర్ట్ మ్యాప్'తో తెరుచుకుంటాయి. కానీ ప్రోలో చేసిన పనిని తిరిగి ఎంఎక్స్‌డీగా దాచలేరు. ప్రో 3.0లో దాచిన ప్రాజెక్టును 2 సిరీస్ వెర్షన్లు తెరవలేవు కాబట్టి, ఇంట్లో ఒక వెర్షన్, ల్యాబ్‌లో మరొకటి ఉంటే ముందే చూసుకోండి.

పాత స్క్రిప్టులు ఉంటే వాటినీ తీసిపెట్టండి. ఆర్క్‌మ్యాప్ పైథాన్ 2.7 మీద నడిచేది, ప్రో పైథాన్ 3 మీద నడుస్తుంది. వీటి పైథాన్ లైబ్రరీ అయిన ఆర్క్‌పైలో మ్యాపింగ్ మాడ్యూల్ స్థానంలో ఎంపీ మాడ్యూల్ వచ్చింది. 'అనలైజ్ టూల్స్ ఫర్ ప్రో' అనే టూల్ ఏ వరుస మార్చాలో చూపిస్తుంది.

ఇక ఇంటర్వ్యూ. జీఐఎస్ టెక్నీషియన్, జీఐఎస్ అనలిస్ట్ ఉద్యోగాలకు ప్రాక్టికల్ పరీక్ష పెట్టినప్పుడు ఒక ఫోల్డర్ ఇచ్చి 'ఇందులో ఏం తేడా ఉందో చెప్పండి' అని అడగడం సహజం. ఆర్క్‌క్యాటలాగ్‌తో పెరిగిన కన్ను పనికొచ్చేది ఇక్కడే. ఉదాహరణకు ఒక షేప్‌ఫైల్ (ఒక పొరను దాచే పాత ఫైల్ రకం) పట్టికలో 'షేప్_లెంగ్', 'షేప్_లె_1' అని రెండు కాలమ్‌లు కనిపించాయనుకోండి. షేప్‌ఫైల్‌లో ఫీల్డ్ పేరు 10 అక్షరాలు దాటదు. జియోడేటాబేస్‌లోని 'షేప్_లెంగ్త్' కత్తిరింపుకు గురై మొదటిదయింది. అదే ఫైలు మళ్లీ జియోడేటాబేస్‌లోకి వెళ్లి మళ్లీ షేప్‌ఫైల్‌గా బయటికొచ్చినప్పుడు అదే పేరు రెండోసారి ఎదురై '_1' తగిలింది. అంటే ఈ డేటా చేతులు మారి వచ్చింది. మధ్యలో ఎవరైనా రేఖలు సవరించి ఉంటే పాత కాలమ్‌లోని పొడవు ఇప్పటి రేఖ పొడవు కాకపోవచ్చు. ఇంత వివరంగా చెప్పగలిగితే మీకు పని తెలుసని ఎదుటివారికి అర్థమవుతుంది.

సున్నాలనూ అనుమానించండి. షేప్‌ఫైల్ ఖాళీ విలువలను దాచలేదు, సంఖ్యల కాలమ్‌లో ఖాళీ ఉన్నచోట సాధారణంగా 0 చేరుతుంది. బావుల లోతు పట్టికలో 0 అని ఉంటే అది లోతు లేని బావి కాదు, ఎవరూ కొలవని బావి. సగటు తీసేముందు దాన్ని పక్కన పెట్టకపోతే లెక్క తప్పుతుంది.

మూడోది నిర్దేశాంకాలు. ప్రాపర్టీస్‌లో సోర్స్ తెరిచి ఎక్స్‌టెంట్ (డేటా హద్దుల అంకెలు) చూడండి. నిర్దేశాంక వ్యవస్థ పేరు యూటీఎం (స్థానాలను మీటర్లలో చెప్పేది) అని ఉండి, అంకెలు -180కీ 180కీ మధ్య ఉంటే ఆ పేరు తప్పు, అవి డిగ్రీలు. యూటీఎంలో తూర్పు విలువ మామూలుగా మీటర్లలో ఆరంకెల సంఖ్య. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు 'ప్రాజెక్ట్' టూల్ వాడటం. అది తప్పు పేరునే నమ్మి అంకెలను మార్చేస్తుంది, డేటా ఎక్కడికో పోతుంది. ముందు 'డిఫైన్ ప్రొజెక్షన్'తో సరైన పేరు పెట్టాలి. అది అంకెలను ముట్టుకోదు, పేరును మాత్రమే మారుస్తుంది. ఆ తరవాతే అవసరమైతే 'ప్రాజెక్ట్'. ఈ రెండింటి తేడా అడగని ఇంటర్వ్యూ అరుదు.

ఫీల్డ్ జోడించబోతే లాక్ ఉందని తిరస్కరిస్తే అదే పొరను మరో ప్రోగ్రామో, మరొకరో తెరిచి ఉంచారని అర్థం. వాళ్లను మూసేయమనండి. జియోడేటాబేస్ ఫోల్డర్‌లోకి వెళ్లి లాక్ ఫైళ్లను చేత్తో తుడిచేయకండి.

క్యూజీఐఎస్‌కు మారాలా అన్నారు. మారడం కాదు, రెండోదిగా నేర్చుకోండి. ఉచితం, విండోస్‌తో పాటు మ్యాక్, లినక్స్‌ల మీదా నడుస్తుంది. కానీ విడి బ్రౌజర్ కోసమే వెళ్తే నిరాశే. క్యూజీఐఎస్ బ్రౌజర్ అనే ప్రత్యేక ప్రోగ్రామ్ అక్కడా ఒకప్పుడు ఉండేది, 2018లో వచ్చిన 3.0తో దాన్ని తీసేశారు. ఇప్పుడున్నది బ్రౌజర్ ప్యానెల్. అందులో పొర మీద రైట్ క్లిక్ చేసి లేయర్ ప్రాపర్టీస్ తెరిస్తే మెటాడేటా, ప్రివ్యూ, ఆట్రిబ్యూట్స్ వేర్వేరు ట్యాబ్‌లలో కనిపిస్తాయి. మ్యాప్‌లో చేర్చకుండానే చూసుకోవచ్చు. మీరు కోల్పోయానని బాధపడుతున్న పనికి ఇదే చాలా దగ్గరగా ఉంటుంది.

రెజ్యూమెలో 'ఆర్క్‌క్యాటలాగ్ వచ్చు' అని ఒక్క ముక్క రాస్తే పాతబడిన అభ్యర్థిలా కనిపిస్తారు. 'పర్సనల్ జియోడేటాబేస్‌లను ఫైల్ జియోడేటాబేస్‌లకు డొమైన్లతో సహా తరలించాను' అని రాయండి. పాత డేటా పేరుకుపోయిన సంస్థలకు రెండు తరాల సాఫ్ట్‌వేరూ తెలిసినవాళ్లు అవసరం. చేసిన పనికి సాక్ష్యంగా మీ కోర్సు ఫోల్డర్ మొత్తానికి ఒక చిట్టా తయారుచేయండి. ఆర్క్‌పైలోని 'వాక్'తో ఫోల్డర్లన్నీ తిరిగి, 'డిస్క్రైబ్'తో ప్రతి ఫీచర్ క్లాస్ రకం, నిర్దేశాంక వ్యవస్థ, ఎక్స్‌టెంట్ తీసుకుని, 'గెట్ కౌంట్'తో రికార్డుల సంఖ్య చేర్చి సీఎస్‌వీగా రాసే స్క్రిప్టు ముప్పై నలభై వరుసలకు మించదు. నిర్దేశాంక వ్యవస్థ 'అన్‌నోన్' అని వచ్చినవి, రికార్డులు 0 ఉన్నవి వేరు చేసి, ఒక్కొక్కదాన్నీ ఎలా సరిచేశారో పక్క కాలమ్‌లో రాయండి. ఆ స్క్రిప్టు, ఆ సీఎస్‌వీ రెండూ ఇంటర్వ్యూకు వెంట తీసుకెళ్లండి.