రమణకి, సొసైటీ రిజిస్టర్ చేసే ముందు

ఒరే రమణా,

నువ్వు పెట్టబోయే సేవాసంస్థ బైలా, అదే నియమాల కాగితం, వాట్సాప్‌లో పంపినావు కదా, చదివినా, లోగో కూడా చూసినా. లోగో బాగానే ఉంది గానీ యువత సాధికారత, బాలల వికాసం, పర్యావరణం, మహిళలు, వృద్ధులు అని అన్నీ రాసినావు, కోసిగి పక్క ఊర్లలో రేపు పొద్దున ఏం పని చేస్తావో మాత్రం యాడా కనపళ్ళేదు. కాగితంలో ఎన్నైనా రాసుకోరా, తర్వాత అక్కరకొస్తాయి, పని మాత్రం ఒకటే పట్టుకో.

నన్నడిగితే ఆ ఒక్క పని సుగ్గి పిల్లలది, అంటే అమ్మానాయనలతో కోత పనులకి వలసపోయే పిల్లలది. మన పక్క కోసిగి, మంత్రాలయం, ఆలూరు, ఆస్పరి ఊర్లనుంచి ఏటా జనం గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు కదా, చాలామంది ఉగాది నాటికి గానీ రారు, వాళ్ళతో పాటే ఐదో క్లాసు పిల్లోడు పోతాడు, చంటిదాన్ని ఎత్తుకోడానికి ఏడో క్లాసు పిల్ల పోతుంది, తిరిగొచ్చేసరికి పరీక్షలు నెత్తిమీదుంటాయి, ఇంక ఆ పిల్ల బడికి యాడ పోతుంది, ఇంట్లోనే ఉంటది, ఆపైన పెళ్ళి మాటలు మొదలు. నువ్వు సంక్రాంతి అయినాక పోయి చదువు గురించి మీటింగ్ పెడితే ఎవరికి చెప్తావు, గోడలకా? కూలీలని తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక మన మాట పనిచేయదు. దసరా నాటికే రెండు మూడు ఊర్లు తిరిగి ఇంటింటి లిస్టు రాయి, పిల్ల పేరు, క్లాసు, వాళ్ళు ఎప్పుడు బయల్దేరతారు, ఇంట్లో జేజి గానీ తాత గానీ ఉంటారా, ఉంటే పిల్లకి వండి పెట్టే ఓపిక ఆ ముసిలోళ్ళకి ఉందా, ఇదంతా. ఆ లిస్టు పట్టుకొని మండల విద్యాధికారి, అదే ఎంఈఓ దగ్గరికి పో, సర్కారు బడుల పథకం సమగ్ర శిక్ష కింద వలసపోయినోళ్ళ పిల్లలకి సీజనల్ హాస్టళ్ళు ఉండాయి, మా ఊర్లో ఇంతమంది అని పేర్లతో సహా అడిగితే ఆ అడగడమే వేరు. ఆరో క్లాసు నుంచి పైన ఆడపిల్లలకి కస్తూర్బా స్కూలు కూడా అడుగు, ఆడనే ఉండి చదువుకోవచ్చు. ఇంకోటి, అక్కడ చాలా ఇళ్ళలో కన్నడం మాట్లాడతారు, సాయంత్రం ట్యూషన్‌కి కర్నూలునుంచి ఎవర్నో తేవొద్దు, ఆ ఊర్లోనే ఇంటర్ చదివిన పిల్లని పెట్టుకో, నెలనెలా తప్పకుండా డబ్బులియ్యి. సేవ అని చెప్పి పేదింటి పిల్లతో ఊరికే చేయించుకునేది నాకు అసలు నచ్చదు.

నువ్వే హాస్టల్ పెడతానన్నావు చూడు, అది ఇప్పుడొద్దు. దిక్కులేని పిల్లల్ని ఉంచుకుంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాల, లేకుంటే ఏడాది దాకా జైలు, లక్షకి తగ్గకుండా జరిమానా, రెండూ పడొచ్చు. ఏ పిల్లకైనా కష్టమొచ్చిందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్, నువ్వే పంచాయతీ చేయబాకు. పిల్లల ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టబాకు, నోటుబుక్కు పట్టుకొని నిలబెట్టిన ఫొటో అయితే అసలే వద్దు.

ఇంక కాగితాలు. మన రాష్ట్ర సొసైటీల చట్టం 2001ది, ఏడుగురన్నా సభ్యులుండాల. మీ ఇంట్లోవాళ్ళనే ఏడుగుర్నీ రాయబాకురా నాయనా, రేపు దాత ఆ లిస్టు చూసి నవ్వుతాడు. ఆ ఊరి ఆడమనిషి ఒకామె కమిటీలో ఉండాల, సంతకానికి మాత్రమే కాదు. బ్యాంకులో ఇద్దరి సంతకాల అకౌంట్ పెట్టు, ఏటా మీటింగ్ పెట్టి కమిటీ లిస్టు రిజిస్ట్రార్ ఆఫీసులో ఇయ్యి, ఆడిట్ చేయించు. దాతలకి పన్ను తగ్గించే ఎయిటీజీ అనుమతి వచ్చినాక కూడా రెండు వేలు దాటి నగదు ఇచ్చిన దాతకి పన్ను మినహాయింపు రాదు, ఫోన్‌పే చేయమను.

కంపెనీలు సమాజ సేవకిచ్చే సీఎస్సార్ డబ్బు గురించి అప్పుడే కలలు కనబాకు, దానికి మూడేళ్ళు పని చేసిన సంస్థ అయ్యుండాల. ఫారిన్ డబ్బు ఇంకా దూరం, మూడేళ్ళు దాటాల, ఆ మూడేళ్ళలో పనిమీద పదిహేను లక్షలు ఖర్చు పెట్టుండాల, 2020లో సవరణ వచ్చినాక ఆ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోకే రావాల, ఆఫీసు ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. అనంతపురంలో ఆర్డీటీని, అదే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుని చూసి ఉషారు పడతాండావు గానీ, దాన్ని పెట్టిన స్పెయిన్ ఆయన ఫెర్రర్ గారు అక్కడికొచ్చింది 1969లో. ఆయన 2009లో పోయినాక కూడా సంస్థ నడిచింది. స్పెయిన్‌లో మామూలు సంసారాలు నెలనెలా పంపే చిన్న చిన్న డబ్బులు దానికి పెద్ద అండ. నువ్వు ఆ చిన్న డబ్బుల సంగతి పట్టుకో, మీ క్లాస్‌మేట్లు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేస్తుండారు కదా, నెలకు ఐదొందలు అడుగు, ప్రతి నెలా లెక్క గ్రూపులో పెట్టు, టీ ఖర్చుతో సహా.

రిజిస్ట్రేషన్ ఉగాది తర్వాత చేసుకో, నేనూ ఆఫీసుకి వస్తా. ఈలోపు లిస్టు మొదలుపెట్టు, మొదటి ఊరిది అయిపోయినాక ఆదోనికి తీసుకురా, ఇద్దరం కూర్చొని చూద్దాం. 

మీ అత్త