గుండ్రని బల్ల ఎందుకు విచ్చుకుంది?

ప్రశ్న: ఆచారి గారూ, మాది ప్రొద్దుటూరు. బట్టల కొట్టు నడుపుతాను, చెక్కపని సరదా. పోయిన శ్రావణంలో టేకు పలకల్ని పుచ్చకాయ బద్దల్లా కోసి, పదహారు ముక్కలు అతికించి నాలుగడుగుల గుండ్రని భోజనం బల్ల చేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఏప్రిల్ వచ్చేసరికి మూడు చోట్ల అతుకు విచ్చింది. అంచు దగ్గర చిటికెన వేలు దూరుతోంది, నడిమధ్యలో మాత్రం గట్టిగానే ఉంది. కొయ్య అమ్మినాయన పచ్చిది అంటగట్టాడా? లప్పం పెట్టి పూడ్చేయనా? ఇంకో మాట: మధ్యలో మా కడప గుర్తుగా ఎర్రచందనంతో ఒక పువ్వు పొదగాలని ఉంది.

జవాబు: లప్పం డబ్బా మూత తియ్యకండి. ఇప్పుడు పూడిస్తే వానల్లో చెక్క మళ్లీ ఉబ్బుతుంది, చోటు చాలక బాగున్న అతుకుల్ని కూడా తెంపుతుంది.

అమ్మినాయన్ని తిట్టే ముందు ఒక లెక్క చూడండి. కొయ్య ఆరితే అడ్డానికి తగ్గుతుంది, పొడుగుకు దాదాపు కదలదు. మీ ముక్కల పొడుగు నడిమి నుంచి అంచుకు పోతోంది. కాబట్టి బల్ల వెడల్పు అలాగే నిలిచింది, ముక్కల అడ్డం మాత్రం తగ్గింది. నాలుగడుగుల బల్ల చుట్టుకొలత సుమారు 151 అంగుళాలు. అడ్డంలో నూటికి ఒక్క వంతు తగ్గినా అంచు వెంబడి అంగుళంన్నర లోటు పడుతుంది. ఆ లోటు ఎక్కడో ఒకచోట నోరు తెరవాల్సిందే. శ్రావణం తేమలో చేసిన బల్లకు మన ఎండల్లో ఆ మాత్రం తగ్గడం వింతేమీ కాదు, ఆరిన టేకైనా సరే. కర్నూల్లో నలభై ఏళ్లు రంపం పట్టినవాణ్ణి, నా మొదటి బల్లా ఇలాగే విచ్చింది.

అందుకే సూర్యకిరణాల్లాంటి ఆ పేర్పును పలుచని పొరతో చేస్తారు. వెనీర్ అనేది ఆ చెక్క పొరనే. అర మిల్లీమీటరు పొరకు కింది పలకను లాగేంత బలం ఉండదు. కింద 18 మి.మీ. ప్లైవుడ్ వేయండి. దాని పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి గనుక ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి.

కొట్టుకు వెళితే ముందుగా 4 మి.మీ. ప్లై మీద అతికించిన పెద్ద షీట్లు చూపిస్తారు. అవి బీరువా తలుపులకు. మీరు విడి పొరలు అడగండి, అదీ ఒకే దుంగ నుంచి వరసగా తీసిన పదహారు. ఇంటికి తెచ్చాక మొదటి పని సుద్దతో అంకెలు వేయడం. ఒకటి విడిచి ఒకటి బోర్లిస్తే పక్కపక్క ముక్కల చారలు అద్దంలో చూసుకున్నట్టు కలుస్తాయి. ముక్కలు సరి సంఖ్యలోనే ఉండాలి. పదిహేను పెడితే ఆఖరిది మొదటిదానితో కలవదు.

ఒక్కో ముక్క మొన 22½ డిగ్రీలు, అంచు దగ్గర నేరుగా కొలిస్తే తొమ్మిదంగుళాల మూడు నూళ్లు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). పదహారూ ఒకేసారి కలపొద్దు. కోణంలో వెంట్రుకవాసి తప్పు పదహారు సార్లు పేరుకుంటుంది. ఎనిమిదేసి ముక్కలతో రెండు సగాలు చేసుకుని, ఇనుప బద్ద ఆనించి ఒక్కో సగం అంచును తిన్నగా కోస్తే, పేరుకున్న తప్పంతా అక్కడే రాలిపోతుంది.

అతికేటప్పుడు పలక అడుగున కూడా పొర వేయాలి. పైన ఒక్కదానికే వేస్తే జిగురు ఆరుతూ బల్లను పళ్లెంలా వంచుతుంది. అడుగు ఎవరు చూస్తారని మానేసేవాళ్లు చాలామంది. తొందరగా అవుతుందని రబ్బరు జిగురు వాడతారు, మన ఎండకు అది మెత్తబడి బుడగలు లేస్తాయి. తెల్ల జిగురు పూయండి. మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద పాత ప్లై, ఆపైన ఇసుక బస్తాలు. ఒక రోజు పూర్తిగా కదల్చొద్దు.

ఇక పువ్వు. పదహారు మొనలు ఒక్క చుక్క దగ్గర శుభ్రంగా కలవడం నేనింతవరకు చూడలేదు. ఆ చిరుగును కప్పడానికే అక్కడ పువ్వు. పువ్వును పొర మీద పెట్టి కత్తిమొనతో చుట్టూ గీసి, ఆ గీత వెంటే కోసి, ఖాళీలో కూర్చండి.

ఎర్రచందనం మాత్రం వద్దు. శేషాచలం కొయ్య కాగితాలు లేకుండా ఎవరిస్తానన్నా ముట్టుకోకండి. కాగితాలున్నా వద్దనే అంటాను. దాని ఎరుపు చల్లనీళ్లకు రాదు గానీ స్పిరిట్‌కు వస్తుంది. ఫ్రెంచి పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్కే కదా, గుడ్డతో రుద్దితే పక్క టేకు మీదికి ఎరుపు పాకుతుంది. పోనీ ఉన్న ఎరుపైనా నిలుస్తుందా అంటే, ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది. జిట్రేగి (రోజ్‌వుడ్) పొరతో చేయించుకోండి. మైసూరు పొదుగుడు పనివాళ్లు నమ్ముకున్నది ఆ కొయ్యనే.

మీ పాత బల్లను విప్పండి. ఆ టేకు అంచుకట్టుకు సరిపోతుంది. అంచుకు ఎనిమిది ముక్కలు చాలు. ఈసారి చెక్క పొడుగు అంచు వెంబడి పోయేట్టు కోయండి.

చివర గరుకు కాగితం 180, తర్వాత 240, చేత్తోనే. నేనొకసారి పండగ ముందు తొందరలో మిషను పెట్టాను. రెండు నిమిషాల్లో పొర అరిగి కింది ప్లై బయటపడింది. ఆ బల్ల ఇంకా మా ఇంట్లోనే ఉంది, అరిగిన చోట మా ఆవిడ మంచినీళ్ల కూజా పెడుతుంది.