పీచుకి అడ్డంగా కోయమని రాయి

అమ్మాయ్, ఆశీస్సులు.

నువ్వు పంపిన కార్నే అసాడా (మెక్సికోలో నిప్పుల మీద కాల్చే మాంసం) వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆకలేసింది. రెండోసారి అనుమానమొచ్చింది. వండి రాశావా, చదివి రాశావా?

"రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టాలి" అన్నావు. నేనూ ఒకప్పుడు ఎక్కడో చూసి, చెయ్యకుండానే అలాగే రాసేశాను. అది చదివి చేసిన ఒకావిడ ఫోన్లో నన్ను దులిపేసింది: "పైనంతా పిండిముద్దలా అయిపోయిందండీ, పాతిక డాలర్ల మాంసం!" అప్పుడుగానీ నేను గిన్నె పట్టలేదు. నిమ్మ పులుపు పైపొరని ముందు మెత్తబరుస్తుంది, ఆ తర్వాత పాడుచేస్తుంది. పల్చటి స్కర్ట్ స్టేక్‌కి (పక్కటెముకల దిగువ నుంచి తీసే ముక్క, అక్కడ అర్రచేరా అంటారు) రెండు గంటలు చాలు, నాలుగు దాటనివ్వకు. హైదరాబాదులో పత్తర్ కా గోష్త్‌ మెత్తబడాలని పచ్చి బొప్పాయి పట్టించేవాళ్ళని అడుగు, ఎక్కువసేపు ఉంచితే ఏమవుతుందో చెబుతారు.

ఇంకోటి. వ్యాసమంతా "మాంసం" అంటూ తప్పించుకున్నావు. ఇది బీఫ్. తెలంగాణలో పెద్దకూర అంటారు. సూటిగా రాయి, తినేవాళ్ళు చదువుతారు, తిననివాళ్ళు ఊరుకుంటారు. చివర్లో "చికెన్‌తో కూడా చేసుకోవచ్చు" అన్న మొహమాటపు వాక్యం తీసెయ్. "నోరూరించే" అయిదుసార్లు వచ్చింది, అన్నీ కొట్టేశాను.

కిలోకి మూడు నిమ్మకాయలు, ఒక కమలాపండు రసం, ఆరు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర, రెండు పచ్చిమిరపకాయలు, చెంచా జీలకర్ర పొడి, ఉప్పు, కాస్త నూనె. నీ కొలతలు బాగానే ఉన్నాయి. కానీ వాటికే మూడు పేరాలా? ఉత్తర మెక్సికోలోని సొనోరాలో చాలామంది ఉప్పొక్కటే జల్లి కాలుస్తారు. "మెక్సికోలో ఇలా చేస్తారు" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు. ఇది ముఖ్యంగా ఉత్తరాది వంట, పశువుల పెంపకం ఎక్కువున్న సొనోరా, చివావా, న్వేవో లియోన్ రాష్ట్రాలది. న్వేవో లియోన్ రాజధాని మోంతెర్రేలో కార్నే అసాడా అంటే వంటకం పేరొక్కటే కాదు, చుట్టాలూ స్నేహితులూ పొయ్యి చుట్టూ చేరడం కూడా.

నిప్పు గురించి మాత్రం ఒకే వాక్యం, అదీ "మీడియం మంట మీద" అని. కాదు. బొగ్గుల మీద నివురు కప్పాక, కమ్మీలకి జానెడు ఎత్తున అరచెయ్యి పెడితే రెండు అంకెలు లెక్కపెట్టేలోపు లాగేసుకోవాలి. అంత వేడి. ముక్కని రసంలోంచి తీసి తడి తుడిచి వెయ్యాలి, తడి ఉంటే ఉడుకుతుంది తప్ప కాలదు. ఒక్కో వైపు మూడు నిమిషాలు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఇనుప పెనం చాలు. కిటికీలు తెరవమని రాయి, లేకపోతే పొగ అలారం మోగుతుంది. లోపల గులాబిరంగు కనిపిస్తే మనవాళ్ళు పచ్చిగా ఉందని మళ్ళీ పెనం మీద పడేస్తారు. ముక్క లోపల 63 డిగ్రీల సెల్సియస్, దించాక కనీసం మూడు నిమిషాలు ఆగడం, ఇది అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. అది వెయ్యి, టెన్షన్ ఉండదు.

సొనోరాలో ఎక్కువగా వాడేది మెస్కీట్ బొగ్గు. ఆ చెట్టు ఎవరో కాదు, మీ అనంతపురంలో అందరూ తిట్టుకునే సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. సర్కారు తుమ్మ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. నువ్వు ఆ ముళ్ళ మధ్య పెరిగినదానివి, దాని బొగ్గుబట్టీల పొగ పీల్చినదానివి. ఒక్క ముక్కైనా రాయలేదేం?

అసలు నాకు కోపం వచ్చింది "ముక్కలు కోసి వడ్డించండి" దగ్గర. సగం వంట అక్కడే ఉంది. అయిదు నిమిషాలు ఆగాక, కత్తి పెట్టేముందు ముక్కని వెలుగులో చూడు. మగ్గం మీది పడుగులా పీచంతా ఒకే వైపు సాగి ఉంటుంది. దానికి అడ్డంగా, పెన్సిల్ మందాన కోయాలి. పీచు వెంట కోస్తే తాడు నమిలినట్టే, ఎంత నానబెట్టినా. ఆ పడుగు నువ్వు కళ్ళారా చూసి ఉంటే మూడు మాటల్లో దాటేసేదానివి కాదు.

ఈ ఆదివారం వండు. చేతులకి పొగ వాసన ఉండగానే రాసి పంపు. అన్నట్టు, ఉల్లికాడలు మర్చిపోయావు. మాంసం పక్కనే కమ్మీల మీద పరిచి, అక్కడక్కడా నల్లబడనిచ్చి, నిమ్మకాయ పిండుతారు. నిజం చెప్పాలంటే నేను ముందు వాటి మీదే చెయ్యి వేస్తాను.

ఉంటాను.