షెరీఫ్ బాకీలో 1 పౌను తేడా: సమాధానం

ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ (12వ శతాబ్దం) కాలపు పైప్ రోల్‌లో, అంటే రాజు ఖజానావారు ఏటేటా రాసిన లెక్కల చుట్టలో, షెరీఫ్ (కౌంటీలో రాజు తరఫు అధికారి) బాకీ మీ లెక్కకన్నా 1 పౌను ఎక్కువ కనిపిస్తోందన్నారు. రోల్ తప్పు కాదండీ. మీరిచ్చిన పద్దుల్లో కౌంటీ గుత్త (షెరీఫ్ ఏటా రాజుకు కట్టాల్సిన స్థిర మొత్తం) 100 పౌన్లు 'బ్లాంచ్', అంటే వెండిని కరిగించి పరీక్షించే లెక్క. ఖజానాకు కట్టిన 60 కూడా అదే. రాజు దానమిచ్చిన భూముల కింద మినహాయించిన 20 మాత్రం 'న్యూమెరో', ఉత్త నాణేల లెక్క. పౌనుకు (240 పెన్నీలు) 12 పెన్నీల చొప్పున తగ్గిస్తే అది 19 బ్లాంచ్ అవుతుంది. కాబట్టి బాకీ 20 కాదు, 21.

ప్రతి పద్దు పక్కనా ఈ గుర్తు చూశాకే కూడండి. గుత్త కూడా న్యూమెరోలోనే ఉన్న కౌంటీలకు ఈ మార్పిడి అక్కర్లేదు. ఇంకోటి, లెక్కల సంవత్సరం సెప్టెంబరు 29తో ముగుస్తుంది. భూదానం నడిమధ్యలో జరిగితే ఆ ఏడు మిగిలిన భాగానికే మినహాయింపు దొరుకుతుంది. మరుసటి ఏటి రోల్‌లో పూర్తి మొత్తం కనిపిస్తుంది, పోల్చి చూడండి.