1525లో అచ్చయిన ఇటాలియన్ కథల సంపుటి ‘నోవెల్లినో’ 13వ శతాబ్దపు పుస్తకం ఎలా అవుతుంది? ఆ కథల మూలాలు ఎక్కడివి?

1525 అచ్చు తేదీ మాత్రమే. ఆ ఏడాది కార్లో గ్వాల్తెరుజ్జి బొలోన్యాలో వంద కథలతో అచ్చు వేయించాడు. కూర్పు మాత్రం సుమారు 1281–1300 మధ్యదని పండితులు సాధారణంగా ఒప్పుకుంటారు. కూర్చినవారి పేరు తెలియదు.

అచ్చు, రాతప్రతి, రచన: ఈ మూడింటి తేదీలూ విడివిడిగా చూడాలి. ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయంలో ‘పాంచతికియానో 32’ అనే గుర్తుతో ఉన్నది పాత రాతప్రతి. వాటికన్ గ్రంథాలయంలోని ‘లాటిన్ 3214’ ప్రతి 1523లో ఇటలీ పండితుడు పియెత్రో బెంబో కోసం రాసిన నకలు. కొత్తది కదా అని దాన్ని పక్కన పెట్టకండి. నకలు కొత్తదైనా, చూసి రాసుకున్న ప్రతి పాతదై ఉండొచ్చు.

తర్వాత కథల్లోని మనుషుల్ని పట్టుకోండి. సుల్తాన్ సలాదీన్ 1193లో, చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 1250లో చనిపోయారు. ఫ్రెడరిక్ కథ ఉంది కాబట్టి ఆయన బతికుండగానే రాశారనుకోవడం తప్పు. రాజులు పోయాకే వాళ్ల కథలు ఎక్కువ తిరుగుతాయి. పేరును బట్టి తెలిసేది, కథ అంతకన్నా ముందుది కాదని మాత్రమే. అన్నిటికన్నా ఆలస్యపు ఆనవాలు ఉన్న కథ దొరికితే, అది రెండు ప్రతుల్లోనూ ఉందేమో చూడండి. ఒక్కదాంట్లోనే ఉంటే తర్వాత ఎవరో చేర్చి ఉండొచ్చు, దాని మీద మొత్తం కూర్పు కాలం కట్టకూడదు.

మూలాల వేటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 14వ కథ. పదేళ్లు వెలుగు చూడకుండా పెంచిన రాకుమారుడికి నగలూ, అందమైన అమ్మాయిలూ చూపిస్తారు. అమ్మాయిల్ని దయ్యాలని చెబుతారు. ఏది నచ్చిందంటే, ఆ దయ్యాలే అంటాడు! ఇది బర్లామ్–జోసఫత్ అనే క్రైస్తవ సాధువుల గాథలోది. ఆ గాథకు మూలం మన బుద్ధుడి జీవితకథే; అరబ్బీ, జార్జియన్, గ్రీకు, లాటిన్ భాషల మీదుగా యూరప్ చేరింది. అయితే భారతీయ మూలం తెలిసినంత మాత్రాన ఇటలీ కూర్పు కాలం తేలదు. అందుకు కావాల్సింది రచయిత చేతికి అందిన దగ్గరి పాఠం, అంటే ఏదో ఒక లాటిన్ లేదా ఫ్రెంచ్ పుస్తకం. 82వ కథలో ప్రేమ దక్కక చనిపోయిన స్కాలొట్ అమ్మాయి ఉంది. అది సుమారు 1230 నాటి ఫ్రెంచ్ ఆర్థర్ రాజు గాథ నుంచి వచ్చింది కాబట్టి, ఆ కథకు అంతకు ముందు కాలం కుదరదు.

1572 నాటి విన్చెంజో బొర్గీని ముద్రణ మీద మాత్రం ఆధారపడకండి. అందులో మతపరంగా ఇబ్బంది అనుకున్న కథలు కొన్ని తీసేసి వేరేవి పెట్టారు. పైన ఇచ్చిన అంకెలు 1525 ముద్రణవి; మీరు రాసేటప్పుడు కూడా ఏ ముద్రణ అంకెలో తప్పకుండా చెప్పండి.